చదివి వినిపించాను

హనుమకొండలో ఒక పెద్ద దవాఖాన మూడో అంతస్తులో, లిఫ్టు దిగగానే ఎదురుగా గోడకు తెల్లటి పలక ఉంది. దాని మీద నీలం అక్షరాలతో ‘క్యాన్సర్ వ్యాధుల విభాగం’ అని రాసి ఉంది. నా తమ్ముడు మొండయ్య సరిగ్గా ఆ పలక కిందే ఇనుప కుర్చీలో కూర్చొని, తల వెనక్కి వంచి దాన్ని చూశాడు.

“గీడ ఏం రాసున్నదక్కా?” అని అడిగాడు.

“కడుపు జబ్బుల డాక్టరు” అన్నాను.

నేను ఉన్న అక్షరాన్ని లేనట్టు చదివి చెప్పడం అదే మొదలు.

నాకు చదువు బడిలో రాలేదు. జనగామ స్టేషన్‌లో ముప్పై ఏళ్లు సీతాఫలాలు, జామకాయలు అమ్మాను. రైలు ఆగిన ప్రతిసారీ కిటికీల్లోంచి మనుషులు బోర్డు చూసి ‘జనగామ వచ్చింది’ అనేవాళ్లు. అట్లా ఆ నాలుగు అక్షరాలు నాకు పట్టుబడ్డాయి. మిగతావి కాయలు చుట్టే పాత పేపర్లలో వెతుక్కున్నాను. నా మొగడు సోమయ్య అదే స్టేషన్‌లో రైలెక్కి భీవండి మగ్గాల పనికి పోయాడు. ఆయన రాసిన ఉత్తరాలు ఇంకొకరితో చదివించుకోవడానికి సిగ్గేసి నేర్చుకున్నాను. నేను నేర్చుకునేసరికి ఉత్తరాలు ఆగిపోయాయని అందరికీ చెప్పాను. రైలు కూత వినబడితే ఇప్పటికీ నా చేయి గుండె మీదికి పోతుంది.

మా వాడకట్టులో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. కరెంటు బిల్లు, కోర్టు నోటీసు, పెండ్లి పత్రిక, ఏదైనా సరే. చెడ్డ కబురైనా ఉన్నది ఉన్నట్టే చదివేదాన్ని. ‘కొమురమ్మ నోట్లె పడితే రాయి మీద గీసినట్టే’ అనేవాళ్లు. ఆ మాటకు లోపల్లోపల పొంగిపోయేదాన్ని.

మొండయ్య నాకన్నా పద్దెనిమిదేళ్లు చిన్న. వాడికి ముందు ముగ్గురు పుట్టి పోయారు. వీడైనా మొండికేసి బతకాలని మా అవ్వ ఆ పేరు పెట్టింది. వాడికి మూడేళ్లప్పుడు అవ్వే పోయింది. నాది గూడూరు పక్కన ఒక పల్లె. పెండ్లయి జనగామకు వచ్చేటప్పుడు వాడిని చంకనేసుకొనే వచ్చాను. పెద్దవాడయ్యాక మోటార్ వైండింగ్ పని నేర్చుకొని కాటారం పోయాడు. అక్కడే బస్టాండు వెనక చిన్న షాపు పెట్టుకున్నాడు. రైతుల పొలాల్లో కాలిపోయిన మోటార్లు వస్తే లోపలి మాడిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్లు లెక్కపెట్టి చుడతాడు. వాడికి సంతకం పెట్టడం వరకే వచ్చు. చదవడం రాదు. నేర్పుతానంటే, “ఇంట్ల ఒక్కరు సదివితె సాలదా” అని నవ్వేవాడు.

ఆ రోజు డాక్టరు నన్నూ, మొండయ్య భార్య అనితనూ మాత్రమే లోపలికి పిలిచాడు. జీర్ణాశయంలో మొదలై కాలేయానికి పాకిందన్నాడు. ఆపరేషన్‌కు వీల్లేదన్నాడు. మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తే ఒక ఏడాది, అటూ ఇటూ అన్నాడు. తరవాత, “ఆయనకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?” అని అడిగాడు.

అనిత రెండు చేతులూ జోడించింది. “వద్దు సారూ. గుండె జారిపోతడు. పుండు అని చెప్తం.”

డాక్టరు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

మా వైపు ఇది కొత్త కాదు. మా మేనత్తకు రొమ్ములో వస్తే పోయేదాకా పాలగడ్డ అనే చెప్పారు. ఆమె పాలగడ్డ అనుకునే కళ్లు మూసింది. ఆ పేరు విన్న రోజే మనిషి సగం పోతాడని మా భయం. అందుకే ఇంట్లో అందరికీ తెలుస్తుంది, వాకిట్లో చుట్టాలకూ తెలుస్తుంది, మంచం మీది మనిషికి తప్ప.

నేను జనగామలో ఇంటికి తాళం వేసి కాటారం వచ్చేశాను. మొండయ్య కూతురు సింధూజ నా దగ్గరే ఉండి జనగామలో నర్సింగు చదువుతోంది. దాన్ని హాస్టల్‌లో చేర్పించాను. దానికి నేనే చెప్పాను. ఫోన్లో నాయినతో మామూలుగా మాట్లాడమని కూడా నేనే నేర్పాను. అది ప్రతి ఆదివారం వీడియోలో కనబడి, “బాపూ, ఏం తిన్నవే?” అని నవ్వేది.

నాలుగు నెలలు అట్లా గడిచాయి. మందు ఎక్కించిన వారం వాడు నీరసపడేవాడు. తరవాత కొంచెం కోలుకొని షాపుకు పోయేవాడు. జుట్టు రాలితే మందుల వేడి అన్నాం. నమ్మాడు. నమ్ముతున్నాడు కదా అని మేం ఒకరినొకరం చూసుకొని తృప్తిపడేవాళ్లం.

జూలైలో ఒకరోజు అనిత నన్ను ప్రతాప్ దుకాణానికి తీసుకుపోయింది. ప్రతాప్‌ది కాటారంలో ఎరువుల దుకాణం. దానితోపాటు బీమా ఏజెంటు పని. ఒకసారి వార్డు మెంబరుగా గెలిచాడు, ఇంకోసారి ఓడాడు. పన్నెండేళ్ల కింద మొండయ్యకు జీవిత బీమా పాలసీ రాయించింది అతనే. ఏడేళ్లు కట్టాక, కరోనా వచ్చి షాపు మూతబడ్డ సంవత్సరం ఆ కట్టడం ఆగిపోయింది.

అనిత ముందే అతనికి జబ్బు సంగతి చెప్పిందని అక్కడే తెలిసింది నాకు.

“కొత్త పాలసీ ఇయ్యరా సారూ?” అని అడిగింది అనిత.

“ఇయ్యరమ్మా. గా జబ్బు ఉన్నదని తెలిసినంక ఇప్పుడు ఏ కంపెనీ ఇయ్యది. వైద్యం అయిపోయి, కొన్నేండ్లు మంచిగుంటె అప్పుడు అడగాలె. అప్పుడు గూడ ఒకలు ఇస్తరు, ఒకలు ఇయ్యరు. ఇచ్చినోళ్లు ఎక్కువ కట్టించుకుంటరు.”

“మరి పాతది?”

“పాతది జబ్బు రాకముందుదే గదా. ఆగకుండ కట్టి ఉంటె ఏ ఢోకా ఉండకపోవు. క్యాన్సరైనా ఏదైనా మొత్తం మూడు లక్షలు ఇస్తుండ్రి. ఆగింది గాబట్టి, ఏడేండ్లు కట్టినదానికి తగ్గట్టు కొద్దిగ వస్తది. అది మాత్రం ఏడికీ పోదు. మొత్తం కావాల్నంటె పాలసీని మళ్ల లేపాలె. సెప్టెంబరు దాటితె ఐదేండ్లు నిండుతయి, ఇగ లేపుడు గూడ ఉండదు.”

“లేపుడంటె ఏం చెయ్యాలె?”

“ఆగిన కిస్తులన్ని మిత్తితోని కట్టాలె. ఇంకోటి...” అని ప్రతాప్ గొంతు తగ్గించాడు. “ఆరోగ్యం మంచిగున్నదని ఫారం రాసియ్యాలె.”

“మంచిగ లేదు గద బిడ్డా” అన్నాను నేను.

“పెద్దమ్మా, నువ్వు జర ఆగు. మొండన్నకు తెల్వదు గదా? తెల్వనోడు మంచిగున్న అని రాస్తె అది అబద్ధం ఎట్లయితది? ఆయన మనసుల ఏమున్నదో గదే రాస్తడు.”

“ఆరోగ్యశ్రీల పేరెక్కింది. దవాఖాన కాయితాలున్నయ్.”

“ఉన్నయ్. కాదంటలేను. గని పాలసీ లేసిన దినం సంది మూడేండ్లు దాటితె ఇగ కంపెనీ ఏమనరాదు. చట్టమే ఉన్నది. మూడేండ్ల లోపల...” అతను ఆగి, పక్కనున్న యూరియా బస్తా మీద దుమ్ము దులిపాడు. “లోపల ఏమన్న అయితె ఎంక్వయిరీకి వస్తరు. వచ్చినోళ్లందరు పట్టుకుంటరని లేదు.”

“పట్టుకుంటె?”

“లేపుడు రద్దయితది. పాత ఏడేండ్లది ఇస్తరు. ఇప్పుడు కట్టింది పోతది. గంతే.”

అనిత మెడలోని బంగారు గుండ్ల దండను వేళ్లతో పట్టుకుంది. “నా గుండ్లు అమ్మి కడత వదినె. నాకు ఒక్కతే బిడ్డ. దాని చదువు సగంల ఉన్నది. నేను కూలికి పోత, బతుకుత. దానికెట్ల?”

ఆమె అత్యాశకు పోవడం లేదు. మనిషి ఎట్లాగూ పోతున్నాడు, ఏదో ఒకటి చేతిలో మిగలాలని చూస్తోంది. ఆమె స్థానంలో నేనుంటే అదే చేసేదాన్నేమో.

మరునాడు పొద్దున ప్రతాప్ ఫారం పట్టుకొని షాపుకే వచ్చాడు. అనిత, నేనూ వెంట ఉన్నాం. మొండయ్య కింద గోనెపట్టా మీద కూర్చొని మోటారు తీగ చుడుతున్నాడు. పెదాలు కదుపుతూ చుట్లు లెక్కబెడుతున్నాడు. మేం వచ్చింది చూసి తీగను ఒక మేకుకు చుట్టి ఆపాడు.

“రా పటేలా. నా పానానికి ధర కట్టనీకి వచ్చినవా?” అన్నాడు. ప్రతాప్‌ను వాడు పటేలా అనే పిలుస్తాడు.

“ఏ, నీ పానం మస్తు పిరం అన్నా. కంపెనీతోని గాదు” అని ప్రతాప్ నవ్వాడు. స్టూలు మీద కూర్చొని, ఫారంలో ప్రశ్నల పక్కన వరుసగా ‘లేదు’, ‘లేదు’ అని రాసుకుంటూ పోయాడు. అనిత గుమ్మంలో నిలబడింది.

“మూడేండ్లు దాటితె ఇగ ఏమడగరట గదా?” అని మొండయ్య అడిగాడు. అనిత ఇంట్లో ఆ మాట అని ఉంటుంది. “మూడేండ్లంటెంత? సింధు కోర్సు అయిపోయి నౌకరి దొరికేటాళ్లకు మూడేండ్లు. అప్పటికి నాకు యాభై ఐదు. నేనే దాని పెండ్లి మాట్లాడుత. పటేలా, అప్పుడు గూడ నువ్వే రావాలె, కట్నం లేదని చెప్పనీకి.”

ప్రతాప్ పెన్ను ఆగింది. అనిత మొహం రోడ్డు వైపు తిప్పుకుంది. నేను మేకుకు చుట్టిన రాగి తీగను చూస్తూ కూర్చున్నాను.

“అయింది. అన్నా, గీడ సంతకం” అన్నాడు ప్రతాప్. వెంటనే నా వైపు తిరిగి, “పెద్దమ్మా, ఆయన తర్వాత గీ కింద నువ్వు. ఆయనకు సదువు రాదు గాబట్టి వేరేటోళ్లు పెట్టాలె. నేను ఏజెంటును, నేను పెట్టరాదు” అన్నాడు.

ఫారం అందుకున్నాను. నా సంతకం కోసం గీసిన గీత పైన చిన్న అక్షరాలతో రెండు వాక్యాలున్నాయి. ‘పై ప్రశ్నలను, జవాబులను దరఖాస్తుదారునికి తెలిసిన భాషలో చదివి వినిపించాను. ఆయన పూర్తిగా అర్థం చేసుకున్న తరువాతే సంతకం చేశారు.’

ఒకసారి చదివాను. మళ్లీ చదివాను. ఎరువుల దుకాణంలో ప్రతాప్ చెప్పిన లెక్క ప్రకారం తెలియని మొండయ్య రాస్తే అది అబద్ధం కాదు. కానీ ఆ గీత మీద పేరు రాయవలసింది నేను. నాకు తెలుసు.

“పెట్టక్కా. నువ్వు సదివినట్టే” అన్నాడు తమ్ముడు.

“సదవలేదు గద.”

“అయితె సదువు. పటేలా, కూసో. మా అక్క సదివి సంతకం పెట్టేటాళ్లకే మూడేండ్లు అయితది.”

ప్రతాప్ నవ్వలేదు. “పెద్దమ్మా, నాకు జర భూపాలపల్లి పనున్నది” అన్నాడు.

నేను చదవడం మొదలుపెట్టాను.

“పాలసీ తీసుకున్న తరువాత మీ వృత్తి మారిందా?”

“లేదు. గదే మోటర్లు, గదే మసి.”

“మద్యం, పొగాకు అలవాటున్నదా?”

“కల్లు లెక్కలకు వస్తదా పటేలా? ఎండకాలం ఒక్కటే. గది రాయకు, వదినె మరదలు ఇద్దరు ఇంట్లకు రానియ్యరు.”

“గత అయిదేండ్లలో వారం రోజులకు మించి వైద్యం చేయించుకున్నారా?”

“పుండుకు చేపిస్తున్నం గదా?” అని వాడు ప్రతాప్ వైపు చూశాడు. ప్రతాప్ ‘లేదు’ అనే రాసి ఉన్నాడు. “అది చిన్నది అన్నా, రాయనక్కర లేదు” అని గొణిగాడు.

తరవాతి ప్రశ్న చూశాను. ‘క్యాన్సర్, గుండెజబ్బు, క్షయ, కాలేయ వ్యాధి లేదా ఏదైనా కణితి ఉన్నట్టు వైద్యులు ఎప్పుడైనా చెప్పారా?’ మొదటి మాట దగ్గరే ఆగాను.

“ఆగినవేందక్కా? కండ్లద్దాలు లేవా?”

“వదినె, సాలు. ఇగ సాలు” అంది అనిత గుమ్మంలోంచి.

ఆ క్షణంలో నేను ధైర్యం చేశానని అనుకోను. భయపడ్డాను. ఎంక్వయిరీకి వచ్చే మనిషి మూడేళ్ల లోపలే వస్తాడు. ఆ కాగితం నా ముందు పెట్టి, ఇది చదివి వినిపించావా అని అడుగుతాడు. అప్పటికి మొండయ్య ఉండడు. ఉండని వాడి మీద అబద్ధం చెప్పినవాడన్న మాట పడుతుంది. వాడు మోసం చేసిన మనిషిగా ఆ కంపెనీ కాగితాల్లో మిగిలిపోతాడు, తనకు తెలియకుండానే. అంతకన్నా ఎక్కువగా ఇంకో భయం పట్టుకుంది. వాడు ఎదురుగా కూర్చొని నవ్వుతున్నాడు, యాభై ఐదో ఏట కూతురి పెండ్లి మాట్లాడతానంటున్నాడు. వాడి దినాలు వాడికి తెలియకుండా మేమే ఖర్చుపెడుతున్నాం.

“మొండీ” అన్నాను. “ఆ దవాఖానల గోడ మీద రాసింది కడుపు జబ్బుల డాక్టరు గాదురా. క్యాన్సర్ అని రాసున్నది. నీకు గదే వచ్చింది. పుండు గాదు.”

అనిత గుమ్మంలోనే కూలబడింది. బయట కాళేశ్వరం పోయే బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

మొండయ్య నా వైపు చూశాడు. కోపం లేదు. లెక్క తప్పినవాడిలా చూశాడు.

“నీకెప్పుడు తెలుసు?”

“ఆ దినమే.”

“అనితకు?”

“ఇద్దరం కలిసే విన్నం.”

“పటేలుకు?”

ప్రతాప్ తల వంచుకున్నాడు.

“సింధుకు?”

“దానికి నేనే చెప్పిన.”

“ఆదివారం నవ్వింది గదనే” అన్నాడు. ఆ తరవాత మెల్లగా, “అయితె ఊరందరికి తెలుసు. నాకొక్కనికే సదువు రాదు” అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తుంది.

వాడు మేకు మీంచి తీగ తీసి మళ్లీ చుట్టబోయాడు. ఎన్ని చుట్లయ్యాయో మరిచిపోయాడు కాబోలు, చుట్టిందంతా వెనక్కి విప్పడం మొదలుపెట్టాడు. తీగ గోనెపట్టా మీద వలయాలుగా పడుతోంది. ప్రతాప్ లేచి, “అన్నా, నేను చెడు కోరి చెయ్యలే” అన్నాడు.

“తెలుసు పటేలా. కూసో. మూడేండ్లు నేనుండనప్పుడు గీ ఫారం ఎందుకు? అవును అని రాస్తె లేపరు గదా?”

“లేపరు. రిపోర్టులు అడిగి వద్దంటరు.”

“లేదు అని రాస్తె అనిత గుండ్లు అమ్ముకోవాలె, రేపు ఎవడో వచ్చి దీన్ని నిలబెట్టి అడుగుతడు. ఏడేండ్లది ఎట్లైనా వస్తదంటివి?”

“వస్తది. అండ్ల అనుమానం లేదు.”

“మరి గదే సాలు. నువ్వు భూపాలపల్లి పో, నీకు పనున్నది.”

ప్రతాప్ ఫారం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. దాని మీద మొండయ్య సంతకమూ పడలేదు, నాదీ పడలేదు.

ఆ సాయంత్రం అన్నం ముందు పెడితే వాడు ముట్టలేదు. అనితతో మాట్లాడలేదు. చేయి కడుక్కొని నాతో అన్నాడు:

“అక్కా, నువ్వు జనగామ పో.”

“ఎందుకురా?”

“నీ మొకం చూస్తె గా ఫారమే కనపడుతాంది. పో. సింధును పంపు.”

నేను వాడిని చంకనేసుకొని పుట్టింటినుంచి తెచ్చినదాన్ని. నన్ను ఎన్నడూ పొమ్మన్నవాడు కాదు. తెల్లారి బస్టాండుకు వాడు రాలేదు. అనిత వచ్చింది. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, “ఇప్పుడు ఆయన అన్నం తింటలేడు. మీకు సల్లగున్నదా వదినె?” అంది. ఆమె ఎప్పుడూ నన్ను ‘నువ్వు’ అనేది. ఆ ‘మీకు’ భూపాలపల్లి దాకా, అక్కణ్నుంచి జనగామ దాకా నా వెంట వచ్చింది.

సింధూజ కాలేజీలో సెలవు పెట్టి కాటారం పోయింది. వారం రోజుల తరవాత ఫోన్ చేసి చెప్పింది. బాపు షాపులో ఉన్న మోటార్లన్నీ ఎవరివి వాళ్లకు పంపేశాడట. సగం చుట్టినవి మాత్రం ఓపిక ఉన్న రోజు కూర్చొని పూర్తి చేస్తున్నాడట. మొదటి మూడు రోజులు దానితో కూడా మాట్లాడలేదట. నాలుగో రోజు దాన్ని కూర్చోబెట్టి, ‘నీ చదువుల నా జబ్బు గురించి ఏం రాసున్నదో సదువు, ఒక్క మాట దాసిపెట్టకు’ అన్నాడట.

“చదివినవా?” అన్నాను.

“చదివిన అత్తా. చదువుకుంటనే ఏడ్సిన. బాపు ఏడ్వలే. మందు పని చెయ్యకుంటె ఏమయితది అని అడిగిండు. గది గూడ చెప్పిన.”

నేను పక్కన ఉండి ఉంటే ఆ పని పందొమ్మిదేళ్ల పిల్ల మీద పడేది కాదు. వాడు నన్ను పంపేసి కూతురితో చదివించుకున్నాడు. నేను చదివితే ఏది ఉన్నదో, ఏది దాచానో ఇక వాడికి నమ్మకం లేదు.

రెండు నెలలు నాకు ఫోన్ చేయలేదు. నేను చేస్తే అనిత ఎత్తి, “పండుకున్నడు” అనేది. రోజూ పొద్దున లేవగానే ఫోన్ చూసుకునేదాన్ని. ఫోన్ మోగినా భయమే, మోగకపోయినా భయమే. బతుకమ్మ ఆటలు మొదలైన రెండో రోజు వాడే చేశాడు. గొంతు సన్నగా అయిపోయింది.

“అక్కా. తిన్నవా?”

“తిన్నరా. నువ్వు?”

“ఏదో. జావ.” మళ్లీ తనే, “నాకు ఇంక కోపం పోలే” అన్నాడు.

“ఉండనీ.”

“పోతదని చూసిన. పోతలేదు. దినాలేమో పోతున్నయ్. గందుకని నువ్వే రా. కోపం ఉంటె ఉంటది, ఓ మూలకు.”

ఆ రోజే బయల్దేరాను. హనుమకొండలో బస్సు మారినప్పుడు, భూపాలపల్లిలో దిగినప్పుడు, ఎక్కడ ఫోన్ మోగినా నాదేమోనని ఉలిక్కిపడ్డాను. ఇంటికి చేరేసరికి వాడు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. కాళ్లు ఉబ్బాయి. నన్ను చూసి, “ముసల్దానివైనవే” అన్నాడు.

ఆ తరవాత వాడు నన్ను చాలా అడిగాడు. డాక్టరు సరిగ్గా ఎంత కాలం అన్నాడో అడిగాడు. చెప్పాను. అవ్వ పోయినప్పుడు తను ఏడ్చాడా అని అడిగాడు. లేదు, అటుకులు తింటూ కూర్చున్నావని చెప్పాను. ఒకరోజు, “బావ ఎందుకు రాలే? ఉత్తరాలు ఎందుకు ఆగినయ్?” అని అడిగాడు.

నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి వాడికి చెప్పాను. ఉత్తరాలు ఆగలేదు. ఇంకొకటి వచ్చింది. నేను సొంతంగా, ఎవరి సాయం లేకుండా చదివిన మొదటి ఉత్తరం అది. ‘నాకు ఇక్కడ ఇంకో ఇల్లు ఉన్నది, నా కోసం చూడకు’ అని సోమయ్య రాశాడు. రైలు పట్టాల మీద చింపి పారేశాను.

మొండయ్య నా చేయి పట్టుకున్నాడు. “సదువు నేర్సుకొని గది సదివినవా” అన్నాడు. అంతే. ఆ రోజు వాడి కోపం కొంచెం తగ్గిందనుకున్నాను. అడగలేదు.

గూడూరు చూడాలన్నాడు. కారు మాట్లాడుకొని పోయాం. మహబూబాబాద్ వైపు రోడ్డంతా వరి కోతలకు వచ్చి ఉంది. మా పుట్టిల్లు ఎప్పుడో కూలిపోయింది. ఆ జాగాలో ఎవరో సిమెంటు ఇటుకలు పోస్తున్నారు. వాడు కారు దిగలేదు. అద్దం దించి ఆ ఇటుకల వరుసలు చూసి, “ఇగ పోదం” అన్నాడు.

మార్గశిరంలో, ఒక మధ్యాహ్నం పోయాడు. సింధూజ వాడి నాడి పట్టుకొని ఉంది. నేను పాదాల దగ్గర ఉన్నాను. అనిత చెంచాతో నీళ్లు పోస్తోంది. ఆ చివరి నీళ్లు లోపలికి పోలేదు. కాళేశ్వరంలో అస్థికలు కలిపి వచ్చాం.

పెద్దకర్మ అయ్యాక ప్రతాప్ క్లెయిమ్ కాగితాలు తెచ్చాడు. తనే అన్నీ రాశాడు, భూపాలపల్లి దాకా తనే తిరిగాడు. ఎవరూ విచారణకు రాలేదు. అడగడానికి ఏమీ లేదు. ఏడేళ్లకు తగ్గ మొత్తం నెల తిరక్కుండానే అనిత ఖాతాలో పడింది. అది సింధూజ చదువుకు ఒక ఏడాదికి సరిపోతుంది. తరవాతి ఏడాదికి చాలదు. అనిత ఆ గుండ్లు ఆ తరవాత ఎట్లాగూ అమ్మింది, కాలేజీ ఫీజుకు.

నేను జనగామకు బయల్దేరే ముందు రోజు, అనిత వాకిట్లో కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనూ కూర్చొని తీస్తున్నాను. మాట్లాడుకోవడం అప్పటికి కొంచెం కొంచెం మొదలైంది. మళ్లీ ‘నువ్వు’ అంటోంది.

“వదినె, ఒకటి అడుగుత. కోపం చేస్తవా?”

“అడుగు.”

“ఆ దినం నువ్వు సదవకుండ సంతకం పెడితె, ఆయన నాతోని ఇంకో నాలుగు నెలలు నవ్వుతుండె గదా?”

నాకు చాలా జవాబులు వచ్చాయి. సింధూజ చదివి చెప్పిన రోజులు, వాడే కోరి పిలిచి అడిగిన ప్రశ్నలు, గూడూరు ప్రయాణం, అవన్నీ గుర్తుకొచ్చాయి. వాటిలో ఏదీ ఆమె అడిగినదానికి జవాబు కాదు. ఆమె నవ్వు గురించి అడుగుతోంది. ఆ జూలై పొద్దుటి తరవాత వాడు అట్లా నవ్వలేదు. అది నిజం.

“నవ్వుతుండెనేమో బిడ్డా” అన్నాను.

అనిత తల ఊపింది. కారం చేతులతో కళ్లు తుడుచుకోబోయి, ఆగి, మోచేత్తో తుడుచుకుంది. ఇంకో గుప్పెడు మిరపకాయలు నా వైపు జరిపింది.